ధర్మాగ్రహమును కరుణయు: క్రీస్తు చరిత్రనుండి యొక పాఠము

కోపము మంచిదా చెడ్డదా యని యడిగినచో మనలో ననేకులు తడుముకొనక చెడ్డదనియే చెప్పుదురు. మన నీతిశాస్త్రములు దానిని అరిషడ్వర్గములలో నొక్కటిగా నెన్నినవి. మన యింటి పెద్దలు చిన్ననాటినుండియు దానిని పగవానిగా జూడుమనియే మనకు బోధించిరి. ఈ బోధ మంచిదే, కాదనువారు లేరు. అయినను కన్నులయెదుట బలహీనుని బలవంతుడు పీడించుచుండగా జూచి కొంచెమైనను చలింపనివానిని మనము శాంతుడని పొగడుదుమా, జడుడని నిందింతుమా? అట్టివాని నెమ్మదికి శాంతమని పేరు పెట్టుట శాంతమునకే యవమానము.

మఱియొక ప్రక్కనుండి చూతము. లోకమును బాగుచేయవలెనని నడుము కట్టినవారిలో గొందఱు కోపమునే పుణ్యకార్యముగా భావింతురు. ఎదిరిపక్షమువారిని ఎంత కఠినముగా దూషించిన నంత ధర్మసేవ చేసినట్లు వారికి దోచును. సభలో జప్పట్లు మ్రోగును; పత్రికలో వ్యాసము పడును; మనస్సునకు దృప్తి కలుగును. బాధపడువాని బాధ మాత్రము ఉన్నచోటనే యుండును. ఈ రెండు తప్పులలో మొదటిది సోమరులకును, రెండవది మనబోటివారికిని సులభముగా నంటుకొనును.

ఈ విషయమున క్రైస్తవధర్మము చెప్పు సమాధానము విచారింపదగినది. రామమోహనరాయలవారు 1820వ సంవత్సరమున సువార్తలనుండి క్రీస్తు బోధలను ముఖ్యముగా నేర్చికూర్చి కలకత్తాలో బ్రకటించి, నీతిమార్గమునకు ఆ బోధలే చాలునని చూపిరి. కోపమును గూర్చిన పాఠము మాత్రము క్రీస్తు బోధలలోకంటె ఆయన నడవడిలో నెక్కువ స్పష్టముగా గనబడుచున్నది. కనుక నేడు మేము బోధను గాక చేష్టను విచారింపబూనితిమి.

మార్కు సువార్త మూడవ అధ్యాయమున నొక చిన్న కథ యున్నది. విశ్రాంతిదినమున యేసు సమాజమందిరములో బ్రవేశించెను. అచ్చట ఊచచెయ్యి గలవాడొకడు కూర్చుండియుండెను. ఆ చెయ్యి కుడిచెయ్యి యని లూకా చెప్పుచున్నాడు. కుడిచెయ్యి యెండిపోయినవాడనగా నేమి? పనిచేసి పొట్టపోసికొనలేనివాడు, ఒకరియెదుట చెయ్యి చాపవలసినవాడు. ఆ మందిరములో మఱికొందఱు కూడ నుండిరి. వారు రోగిని చూడలేదు, యేసును మాత్రమే కనిపెట్టుచుండిరి. విశ్రాంతిదినమున స్వస్థపఱచినచో నేరము మోపవచ్చునని వారి యెదురుచూపు. ఆయన రోగిని నడుమ నిలువబెట్టి, విశ్రాంతిదినమున మేలుచేయుట ధర్మమా కీడుచేయుట ధర్మమా, ప్రాణము రక్షించుటయా తీయుటయా యని వారినడిగెను. వారు పలుకలేదు. అప్పుడాయన వారి హృదయముల కాఠిన్యమునకు దుఃఖించుచు, కోపముతో వారిని కలయజూచి, చెయ్యి చాపుమని యా రోగితో జెప్పగా ఆ చెయ్యి బాగుపడెను. ఎదిరిపక్షమువారు బయటికి బోయి, హేరోదీయులతో జేరి, ఆయనను జంపుటకు నాలోచన చేసిరి.

అద్భుతకార్యమును నమ్ముటయు మానుటయు ఎవరి మనస్సాక్షికి వారిదే. ఇచ్చట మనకు ముఖ్యమైనది ఆ చూపు.

న్యాయవాదులమగుటచే మేము ఎదిరిపక్షమువారి వాదమును గూడ వినిపింపక తప్పదు. క్రైస్తవ ప్రసంగకులు తఱచుగా పరిసయ్యులను దయలేని రాక్షసులవలె వర్ణింతురు. అది న్యాయము కాదు. ప్రాణాపాయము కలిగినప్పుడు విశ్రాంతిదినపు నియమమును మీఱవచ్చునని యూదుల ధర్మశాస్త్రజ్ఞులు స్పష్టముగా నంగీకరించిరి. వారి మిష్నా గ్రంథమున నీ నియమము నేటికిని జూడవచ్చును. కాని ఎండిన చెయ్యి ప్రాణాపాయము కాదు. ఏండ్లతరబడి యెండియున్న చెయ్యి మఱునాటి యుదయమువఱకు నాగలేదా యని వారు తలచిరేమో. చట్టము చదివినవారెవరును ఈ ప్రశ్నను దేలికగా త్రోసివేయజాలరు. యేసు వారిమీద గోపించినది వారు చట్టమును బాటించినందునకు గాదు. ఆయనయు యూదుడే, ఆ చట్టమునందే పెరిగినవాడే. ఒక మనుష్యుని దుఃఖమును వారు సాక్ష్యముగా మాత్రమే చూచిరి, మనుష్యుని దుఃఖముగా జూడలేదు. అడిగినప్పుడు జవాబు చెప్పక మౌనము వహించిరి. కోపము పుట్టిన తావు ఇదియే.

ఇక ఆ వాక్యములోని మాటలను బరిశీలింతము. గ్రీకుమూలమున దుఃఖమును దెలుపు పదము కూడి దుఃఖించుట యను నర్థమిచ్చు నుపసర్గతో గూడియున్నది. క్రొత్తనిబంధన యంతటిలో నా పదము ఈ యొక్క చోటనే కలదు. కలయజూచుట యను క్రియ ఒక్క క్షణమున ముగిసిన పనిని దెలుపు రూపములో నున్నది. దుఃఖించుట యనునది సాగుచున్న పనిని దెలుపు రూపములో నున్నది. వ్యాకరణజ్ఞులు చాలకాలముక్రిందటనే గుర్తించిన ఈ భేదములో గొప్ప నీతి యిమిడియున్నది. కోపపు చూపు మెఱపువలె వచ్చి పోయినది, దుఃఖము నిలిచియున్నది. ఆ దుఃఖమైనను రోగిని గూర్చి కాదు, కోపమునకు గుఱియైనవారిని గూర్చియే. వారి హృదయము ఆ రోగి చేతికంటె నెక్కువ యెండియున్నదని యాయనకు దోచెను.

ఇదే కథను జెప్పిన మత్తయియు లూకాయు కోపమను మాటను విడిచిపెట్టిరి. మహాపురుషునకు గోపమంటగట్టుట వారికి నచ్చలేదేమో. మార్కు మాత్రము దాచలేదు. మార్కు దాచకుండుటవలననే ఈ పాఠము మనకు దక్కినది.

కరుణను దెలుపుటకు సువార్తికులు వాడిన గ్రీకుపదము గూడ దెలిసికొనదగినది. అది ప్రేగులను దెలుపు పదమునుండి పుట్టినది. మన భాషలో గడుపు తరుగుకొనిపోవుట యందుమే, సరిగా నదియే దాని భావము. కాపరిలేని గొఱ్ఱెలవలెనున్న జనసమూహమును జూచినప్పుడును, నాయీనను గ్రామపు గవినియొద్ద నొక విధవరాలి యేకైక పుత్రుని పాడెమీద మోసికొని పోవుచుండగా జూచినప్పుడును యేసునకు గలిగినది ఈ భావమే. ఇది యాలోచించి తెచ్చుకొనినది గాదు, కడుపులోనుండి లేచునది. కోపము గూడ నక్కడినుండియే లేచునని మనమెఱుగుదుము గదా.

ఈ రెండును ఎంత సమీపమున నుండునో తెలుపు వింతయైన నిదర్శన మొకటి కలదు. మార్కు మొదటి అధ్యాయమున నొక కుష్ఠరోగి యేసు నెదుట మోకరించి, నీకిష్టమైనచో నన్ను శుద్ధునిగా జేయగలవని వేడుకొనెను. ఆయన కనికరపడి చెయ్యి చాపి వానిని ముట్టెనని బహుప్రతులలో నున్నది. కాని అయిదవ శతాబ్దమునాటిదని సాధారణముగా నెంచబడు బేజా ప్రతిలో నా తావున కోపపడి యని యున్నది. గ్రీకును లాటినును ఎదురెదురు పుటలలో వ్రాయబడిన యా ప్రతిని థియొడోరు బేజా 1581వ సంవత్సరమున కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున కిచ్చెను; నేటికిని నది యచ్చటనే యున్నది. ఏ పాఠము మొదటిదో పండితులలో నేకాభిప్రాయము లేదు. కరుణ యని యున్న మాటను లేఖకుడు కోపముగా మార్చుట కష్టము. కోపమని యున్నదానిని కరుణగా మార్చుట సులభము. అందుచే గోపమే మొదటి పాఠమని కొందఱి వాదము. 2011లో వెలువడిన యొక ప్రసిద్ధాంగ్లానువాదము ఆ వాదమునే యనుసరించినది. ఎవరిమీది కోపమది? రోగిమీద గాదనుటకు ఆయన చాపిన చెయ్యియే సాక్ష్యము. అట్టివానిని ఊరివెలుపల నుంచిన రోగముమీదనో, వానిని ముట్టరాదని దూరముగా నుంచిన లోకముమీదనో యైయుండవలెను. పాఠమేదైనను జరిగిన పని యొక్కటియే. ఎవరును ముట్టనివానిని ఆయన ముట్టెను. ఒకే వాక్యమున ఈ మాట యున్నను ఆ మాట యున్నను అర్థము చెడకుండుటను జూచితిరా! నిజమైన కోపమును నిజమైన కరుణయు నంత దగ్గఱి చుట్టములు.

దేవాలయమున జరిగిన సంగతి యందఱెఱిగినదే. బలులకై పశువులను విక్రయించువారిని, రూకలు మార్చువారిని యేసు వెడలగొట్టెను. దీనిని జూపి, క్రీస్తే కొరడా పట్టినప్పుడు మనకేమి యడ్డమని వాదించువారు గలరు. వారు రెండు విషయములను గమనింపవలెను. గువ్వలు బీదవారి బలి. గొఱ్ఱెపిల్లను దేలేనివారు గువ్వలనైనను దేవచ్చునని మోషే ధర్మశాస్త్రము సెలవిచ్చినది. యేసును గన్న తల్లిదండ్రులు గూడ నట్టి బలినే యర్పించిరని లూకా చెప్పుచున్నాడు. కనుక ఆ బల్లలయొద్ద నిలిచినవారెవరో ఆయన యింటివారికి దెలియనిది కాదు. రెండవ విషయ మింతకంటె ముఖ్యము. బల్లలు పడద్రోసిన వెంటనే యేమి జరిగెను? గ్రుడ్డివారును గుంటివారును దేవాలయములో నాయనయొద్దకు వచ్చిరనియు, ఆయన వారిని స్వస్థపఱచెననియు మత్తయి వ్రాసినాడు. కోపము ఆవరణమును ఖాళీ చేసినది. ఖాళీయైన యావరణము నిరుపేదలతో నిండినది. మన కోపము తెఱపిచేసిన చోటికి ఎవరు వచ్చుచున్నారని మనమెన్నడైన విచారించితిమా?

చిన్నబిడ్డలను దనయొద్దకు రానీయక గద్దించిన శిష్యులమీద ఆయన కోపపడెను. ఆ కోపము ముగిసినది బిడ్డలను గౌగిలించుకొనుటతో. శాస్త్రులను పరిసయ్యులను వరుసగా దిట్టిన యధ్యాయము మత్తయిలో నున్నది. అంత కఠినవాక్యములు మఱియెచ్చటను లేవు. కాని యా యధ్యాయము తిట్టుతో ముగియలేదు. కోడి తన పిల్లలను ఱెక్కలక్రింద జేర్చునట్లు నిన్ను జేర్చుకొనగోరితిని, నీవొల్లకపోతివని యెరూషలేమును గూర్చి విలపించుటతో ముగిసినది. కోపమునకు గోడిపెట్ట నుపమానముగా దెచ్చినవారు మఱియెవరైన గలరా!

తన విషయమున నాయన యెట్లుండెనో చూతము. ఒక సమరయ గ్రామమువారు ఆయనకు బస యీయ నిరాకరించిరి. శిష్యులైన యాకోబును యోహానును ఆకాశమునుండి యగ్ని గురిపింపుమందువా యని యడిగిరి. ఆయన వారినే గద్దించి మఱియొక గ్రామమునకు బోయెను. విచారణసమయమున బంట్రోతొకడు ఆయనను జెంప గొట్టగా, నేను గాని మాట పలికినచో దానికి సాక్ష్యము చెప్పుము, కానిచో నేల కొట్టెదవని మాత్రమడిగెను. ఇందు గోపము లేదు, పిఱికితనమును లేదు. న్యాయస్థానమున బలుకదగిన మాట మాత్రమే యున్నది. ఈ కథలన్నింటిలో నొక క్రమము గనబడుచున్నది. ఆయన కోపము ఎల్లప్పుడు ఇతరులకొఱకే లేచినది. తనకు జరిగిన యపకారము దానిని రగుల్చలేదు. మనకో, మన పరువునకు దగిలిన చిన్నదెబ్బ రాత్రి నిద్ర పట్టనీయదు. పొరుగువాని యిల్లు కాలిన వార్త కాఫీతోపాటు దిగిపోవును.

అపొస్తలుల పత్రికలలో గోపమునకు గట్టిన గట్లును గలవు. కోపము వచ్చినను పాపము చేయరాదనియు, సూర్యుడు గ్రుంకువఱకు గోపము నిలిచియుండరాదనియు ఎఫెసీయులకు వ్రాసిన పత్రిక విధించుచున్నది. నరుని కోపము దేవుని నీతిని నెఱవేర్చజాలదని యాకోబు పత్రిక హెచ్చరించుచున్నది. ఇచ్చట మా వృత్తివారికి నచ్చెడి సంగతి యొకటి కలదు. కొండమీది ప్రసంగమున, సోదరునిమీద గోపపడు ప్రతివాడును విమర్శకు లోనగునని యున్నది. తరువాతి ప్రతులనేకములలో నిర్నిమిత్తముగా గోపపడువాడు అని యున్నది. 1611నాటి యాంగ్లానువాదమును దానినే యనుసరించినది. కాని నాలుగవ శతాబ్దపు సీనాయి ప్రతిలో మొదటి లేఖకుడు వ్రాసిన పాఠమునందును, అదే శతాబ్దపు వాటికను ప్రతియందును ఆ మాట లేదు. ఎవరో సద్బుద్ధితోనే యొక మినహాయింపు చేర్చిరి. ఆ మినహాయింపు నాశ్రయించియే లోకమంతయు జీవించుచున్నది! తన కోపము నిర్నిమిత్తమని యొప్పుకొన్న మనుష్యుని మేమింతవఱకు సాక్షిబోనులో గాని బయట గాని చూడలేదు.

పూర్వవిద్వాంసులు ఈ ప్రశ్నను లోతుగా విచారించిరి. నాలుగవ శతాబ్దారంభమున లాక్టాంటియసు దేవుని కోపమును గూర్చి ప్రత్యేకముగా నొక గ్రంథము వ్రాసి, మంచిని బ్రేమించువాడు చెడుగును సహింపజాలడనియు, ఎన్నడును గోపింపని దేవుడు ప్రేమింపని దేవుడేయనియు వాదించెను. ఇంగ్లండులో జోసెఫు బట్లరు లండనునందలి రోల్సు ప్రార్థనాలయములో జేసిన ప్రసంగములను 1726లో బ్రకటించెను. ఆ యాలయము న్యాయాధికారుల కార్యస్థానమునకు జేరినది. శ్రోతలలో న్యాయవాదులు మెండు. అట్టివారికి గోపమును గూర్చియు క్షమను గూర్చియు బోధించుట యెంత యుచితము! చటుక్కున లేచు కోపము వేఱు, స్థిరపడిన కోపము వేఱని యతడు విభజించెను. రెండవదానికి విషయము నొప్పి కాదు, అన్యాయము. అందుచేతనే మనకు సంబంధములేని పరునికి జరిగిన యన్యాయమును విన్నను మన రక్తము కాగును. ఇది మనుష్యులను గలిపియుంచు బంధములలో నొకటి. అయితే యపకారి గూడ మన సద్భావమునకు బాత్రుడే, కోపమున్నను సద్భావముండవచ్చును, సద్భావమును జంపిన కోపమే పాపము. బట్లరు తీర్పు సారాంశమిది.

సిద్ధాంతమట్లుండగా చరిత్ర యేమి చెప్పుచున్నది? క్రైస్తవలోకము ఈ పాఠమును జాలసార్లు మఱచినది. మార్టిను లూథరు సంఘములోని యక్రమములను ఎదిరించిన ధీరుడు. 1523లో నతడు క్రీస్తు యూదుడుగా బుట్టెనని వ్రాసి, యూదులయెడల దయతో వర్తింపుడని క్రైస్తవులకు బోధించెను. ఇరువదియేండ్లు గడచెను. తాను కోరినట్లు వారు మతము మారలేదు. 1543లో నతడు వారి సమాజమందిరములను గాల్పుడనియు, ఇండ్లను గూల్పుడనియు వ్రాసెను. అదే లేఖిని, అదే వేదము, అదే మనుష్యుడు. భేదమెక్కడ? దుఃఖము పోయినది, పంతము మిగిలినది. నాలుగు శతాబ్దములపిమ్మట నాజీలు ఆ వ్రాతలను దమకు దోడుగా దెచ్చుకొనిరి. 1994లో అమెరికాలోని లూథరను సంఘమువారు ఆ వ్రాతలను బహిరంగముగా నిరాకరించి దుఃఖము దెలిపిరి. సత్యమునకై లేచితినని నమ్మిన కోపము ఎంత దూరము పోగలదో చూచితిరా!

దీనికి బ్రతిగా మఱియొక చరిత్రము. పదునెనిమిదవ శతాబ్దమున నాఫ్రికావాసులను ఓడలలో గుక్కి యమ్ముకొను వర్తకము ఇంగ్లండునకు గొప్ప యాదాయము. థామసు క్లార్క్‌సను రేవుపట్టణములు తిరిగి, సంకెళ్లను వ్రేళ్లను నొక్కు మరలను సేకరించి తెచ్చెను. పూర్వమట్టి యోడలకు నాయకుడై, పిదప మతాచార్యుడైన జాను న్యూటను 1788లో దన పాపమునే సాక్ష్యముగా బ్రకటించెను. 1789 మే 12వ తేదీని విలియము విల్బర్‌ఫోర్సు పార్లమెంటులో మూడుగంటలకుపైగా బ్రసంగించెను. ఓడలలోని ఘోరములను వర్ణించెను గాని వర్తకులను దూషింపలేదు. తానెవరిమీదను నేరము మోపరాలేదనియు, పార్లమెంటుతోపాటు తానును దోషియేననియు, అందఱును సిగ్గుపడవలసినదే యనియు జెప్పెను. మెత్తగా మాటలాడెను గాని పట్టు విడువలేదు. 1791లో నోడిపోయెను, మఱల మఱల దెచ్చెను, 1807లో నా వర్తకము నిషిద్ధమాయెను. కోపమును గుండెలో నిలుపుకొని, ద్వేషమును నాలుకమీదికి రానీయని యిట్టి పట్టుదల యరుదు.

అయినను ఈ చరిత్రలో గూడ నొక హెచ్చరిక యున్నది. 1833నాటి శాసనమువలన బ్రిటిషు రాజ్యములలో చాలవఱకు దాస్యము రద్దాయెను. అప్పుడు రెండుకోట్ల పౌనుల పరిహారము కేటాయింపబడెను. అది యెవరికనుకొందురు? దాసులను గలిగియున్న యజమానులకు. చెఱనుండి వచ్చినవారికి గవ్వయైనను దక్కలేదు. పైగా ననేకులు కొన్నియేండ్లు అదే యజమానులయొద్ద గూలిలేక పనిచేయవలసివచ్చెను. అన్యాయము చేసినవానియెడల దయ చూపవలసినదే. కాని యన్యాయము పొందినవానిని మఱచిన దయ దయ కాదు, లౌక్యము. యేసు మొదట నడుమ నిలువబెట్టినది ఊచచెయ్యి గలవానినే యని మఱువరాదు.

ఇంతవఱకు బరుల తప్పులను జెప్పితిమి. మా తప్పును జెప్పకున్న ఈ పాఠము సంపూర్ణము కాదు. కొన్నియేండ్లక్రిందట భర్తను గోల్పోయిన యొక స్త్రీ రెండెకరముల మాగాణికై తన మఱదిమీద దెచ్చిన దావాను మేము చేపట్టితిమి. ఆతడొక దొంగకాగితము పుట్టించెను. ఆమె దిక్కులేనితనమును జూచి మా కడుపు మండెను. ఆ మంట న్యాయమైనదే. క్రాసు పరీక్ష మొదలైన యరగంటలో నాతడు కాగితము కల్పితమని యొప్పుకొనెను. దావా గెలిచినది. అచ్చట మేము కూర్చుండవలసినది. కూర్చుండలేదు. ఇంకొక గంట యాతనిని బోనులో నిలిపి, దావాతో నేమాత్రము సంబంధములేని సంగతులను, తుదకాతని కుమార్తె పెండ్లి సంబంధము చెడిన సంగతిని గూడ బయటికి లాగితిమి. చూడవచ్చినవారు నవ్విరి. ఆ నవ్వు మాకు హాయిగా నుండెను. ధర్మము జయించినదని తలచితిమి.

సాయంకాలము ఆమె మా యింటికి వచ్చినది. సంతోషముతో వచ్చినదనుకొంటిమి. ఆమె వాకిట నిలిచి, “బాబుగారూ, పొలము వచ్చినది, మీ మేలు మఱువను. కాని యా పిల్ల యేమి చేసినది? తల్లి పోయిననాటినుండి దానిని బెంచినది నేనే” యని కంటనీరు పెట్టుకొనెను. మేమేమియు బలుకలేకపోతిమి. ఎవరికొఱకు మేము కోపించితిమో ఆమెకంటె మా కోపమే మాకు ముద్దైనది. ఆమెకు గావలసినది తన యన్నమును దన వారును. మేము అన్నమునిచ్చి వారిని దూరము చేసితిమి. అన్యాయము చేసిన మఱదికై యామె యేడ్వగలిగినది; మేమేడ్వలేకపోతిమి. మార్కు వ్రాసిన యా వాక్యమును మేము కళాశాలలో జదివితిమి గాని, దాని యర్థము మాకు దెలిసినది ఆనాటి సాయంకాలముననే.

కావున కోపము వచ్చినప్పుడు మనలను మనము మూడు ప్రశ్న లడుగుకొందము. ఇది యెవరికొఱకు? నా పరువుకొఱకా, నడుమ నిలువబడిన బాధితునికొఱకా? రెండవది: ఎవరిమీద గోపించుచున్నానో వానికై నాలో దుఃఖమున్నదా? వాడు బాగుపడిన సంతోషింతునా, లేక వాడు చెడియుండుటయే నాకు గావలెనా? మూడవది: ఇది దేనితో ముగియును? ఒక చెయ్యి బాగుపడునా, లేక నా నాలుక మాత్రమే తృప్తిపడునా? ఈ మూడింటికి సరియైన జవాబు దొరికినచో ఆ కోపమును జంపరాదు. అది కరుణయే, అడ్డు తగిలినందున వేడెక్కినది. దొరకనిచో ఎంత గొప్ప ధర్మముపేర లేచినను దానిని సూర్యాస్తమయమునకు ముందే యార్పవలెను.

కోపింపలేనివారలారా, ఊచచెయ్యి గలవాడు మన మందిరములలో నేటికిని గూర్చుండియున్నాడు. రేపటివఱకు వేచియుండుమని వానితో జెప్పకుడు. కోపమునకు అలవాటుపడినవారలారా, ఆ చూపుతోపాటు కన్నీటిని గూడ నేర్చుకొనుడు. నీనెవె పట్టణము నశింపలేదని యలిగి యెండలో గూర్చుండిన యోనాతో, కుడియెడమలెఱుగని లక్షయిరువదివేలమంది యున్న యా పట్టణమును గూర్చియు, అందలి పశువులను గూర్చియు నేను జాలిపడరాదా యని దేవుడడిగినట్లు కథ యున్నది. యోనా యేమి బదులు చెప్పెనో గ్రంథము చెప్పలేదు. కథ ఆ ప్రశ్నతోనే ముగిసినది. దానికి జవాబు మన నడవడిలో మనమే యీయవలసియున్నది.